పలుకుతాందా

కొలిమిగుండ్ల గనిలో మా నాయన రాయిని చూడడు,
వింటాడు.
సుత్తి తిరగేసి రెండు దెబ్బలు తట్టి,
బీడీ చెవి సందున దోపి, తల వంచి
"పలుకుతాంది మే, పొర ఉంది" అంటాడు.
మొద్దు సద్దు వస్తే తుపుక్కున ఉమ్మి
పక్క రాతికి జరుగుతాడు.

ఉలి ఎక్కడ ఆనిస్తే సముద్రం
దోసెలా రెండుగా ఊడొస్తుందో ఆయనకు తెలుసు.
అది సముద్రమని మాత్రం తెలియదు.
ఆయన చూసిన పెద్ద నీళ్ళు అవుకు రిజర్వాయరు.

నేను అనంతపురం పోయి చదువుకున్నాను.
బోర్డు మీద సారు మూడు కొమ్మలు గీశాడు.
ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక
నోట్సులో నా మాటల్లో రాసుకున్నా:
విరిగి పుట్టినవి, కరిగి పుట్టినవి, చచ్చి పుట్టినవి.

విరిగినవాటికి గింజ కొలతే ఇంటిపేరు.
గులకరాళ్ళు కలిసి గట్టిపడితే ఒక పేరు,
ఇసుకైతే ఒకటి, ఒండ్రైతే ఇంకొకటి.
ఏరు వాటిని బనగానపల్లె బస్సులా మోసుకుపోతుంది.
మూటలున్న బరువోళ్ళు మొదటి స్టేజీలోనే దిగిపోతారు,
చేతిసంచీ వాళ్ళు నడి దోవలో.
ఏ బరువూ లేనిది, అందరికంటే సన్నది,
ఆఖరి స్టేజీ దాకా పోతుంది.
నీళ్ళు నిలిచిన చోట, సద్దు లేని చోట
నిదానంగా కూర్చుంటుంది.
దాని మీద ఇంకొకటి. దాని మీద ఇంకొకటి.
పైవాటి బరువుకు కిందివాటి తడి పిండుకుపోతుంది.
మిగిలిన సందుల్లో సున్నమో, ఇనుమో జిగురై పట్టుకుంటుంది.
అంతే, రాయి.
తొందర పడితే కాదు.

మా నాపరాయి కరిగి పుట్టింది.
పగలగొట్టి వెతికాను, శంఖం లేదు, చేప ముల్లు లేదు.
అప్పటికి చేపలే పుట్టలేదని సారు చెప్పాడు.
వేంపల్లె దిక్కున చూపించాడు,
రాతిలో ఉల్లిగడ్డ కోసినట్టు చుట్లు చుట్లు.
పాచి అంట. వట్టి పాచి.
దానికంటే పాత బంధువు మనకు లేడంట.

సెలవులకొచ్చి ఇదంతా చెబితే నాయన నవ్వాడు.
"మూడేనా?
పలికేది, పలకనిది, నీళ్ళు తాగేది,
ఎండకు పెట్లేది, పాలిష్‌కు లొంగేది,
మనిషిని చూసి జారేది.
పక్కీరప్ప మీద పడింది యా జాతి మే?"
నా నోట్సులో దానికి కొమ్మ లేదు.

ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుందని
నిమ్మకాయ పిండి చూపించబోయాను.
అమ్మ వంటగట్టు వైపు చెయ్యి చూపింది.
చింతపండు పులుసు ఒలికిన చోటల్లా
నల్లరాతి మీద తెల్ల మచ్చలు.
ముప్పై ఏళ్ళ ప్రయోగం.
"తుడిస్తే పోవు, నీ సదువుతోనన్నా పోతాయా?" అంది.

చెత్తరాళ్ళ గుట్టలో ఒక బండ దొరికింది.
ఒళ్ళంతా అలలు.
ఏ నాటిదో ఒక మధ్యాహ్నం, మోకాటి లోతు నీళ్ళు,
కొంచెం గాలి.
ఆ గాలి ఇంకా దాని మీదే ఉంది.
చదునుగా లేదని ఏ మేస్త్రీ ఎత్తుకోలేదు.
ఆటోలో ఇంటికి తెచ్చాను.
అమ్మ దాన్ని బట్టలుతికే చోట వేయించింది.
"పట్టు బాగుంది" అంది.

మొన్న నంద్యాలలో డాక్టరు
నాయన చొక్కా విప్పించి, వీపు మీద ఎడమ చెయ్యి పరిచి,
కుడి వేలితో దాని మీద తట్టాడు.
టక్, టక్.
తల వంచి విన్నాడు.
కొంచెం కిందికి జరిగి మళ్ళీ తట్టాడు.
నాయన మెడ తిప్పి అడిగాడు:
"పలుకుతాందా సార్?"

డాక్టరుకు అర్థం కాలేదు, కాగితం మీద ఏదో రాస్తున్నాడు.
నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.
అన్నిటికంటే సన్నదే
అన్నిటికంటే దూరం పోతుంది.
సద్దు లేని చోట కూర్చుంటుంది.